ముందు కొలువు, తర్వాత భాష

రాయదుర్గం, గచ్చిబౌలి ఆఫీసుల్లో నాలుగైదేళ్లుగా పనిచేస్తున్న యువతీ యువకులు అడిగే ప్రశ్నల్లో ఒకటి ఈమధ్య ఎక్కువైంది. "అరబిక్ గానీ జపనీస్ గానీ చైనీస్ గానీ గట్టిగా నేర్చుకోవాలని ఉంది. యాప్‌లో నేర్చుకున్నది చాలదు. ఆ దేశం వెళ్లి, అక్కడి మనుషుల మధ్య ఉండి నేర్చుకోవాలి. ఖర్చు ప్రభుత్వం భరిస్తే తిరిగొచ్చి కొన్నేళ్లు ప్రభుత్వానికే పనిచేస్తాను. మన దేశంలో అలాంటి స్కాలర్‌షిప్ ఏదైనా ఉందా?"

దీనికి దగ్గరగా ఉన్నది భారత విదేశాంగ సేవ. దాన్ని ఎవరూ స్కాలర్‌షిప్ అనరు కాబట్టి ఈ ప్రశ్న అడిగేవాళ్లకు అది తోచదు. అమెరికాలో ముందు భాష నేర్పించి ఆ తర్వాత కొలువు చేయమంటారు. మన దగ్గర ముందు కొలువులో చేర్చుకుని ఆ తర్వాత భాష నేర్పిస్తారు. ఈ వరస తెలియక చాలామంది విలువైన సంవత్సరాలు పోగొట్టుకుంటున్నారు. భాష వస్తే కొలువు దానంతట అదే వస్తుందని నమ్మి సర్టిఫికెట్లు పోగేస్తూ ఉంటారు, వయసు గడువేమో దాటిపోతూ ఉంటుంది. అందుకే ఈ రెండు పద్ధతులనూ విడివిడిగా తెలుసుకోవాలి.

అమెరికా చేసిన ఏర్పాటు

సోవియట్ యూనియన్ 1957లో స్పుత్నిక్‌ను ప్రయోగించాక అమెరికా మరుసటి ఏడాదే ఒక విద్యా చట్టం చేసి, తమ విశ్వవిద్యాలయాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని భాషల బోధనకు డబ్బు కేటాయించడం మొదలుపెట్టింది. సేవ షరతుతో ముడిపెట్టిన పథకం ఇంకా తర్వాత వచ్చింది. 1991లో ఓక్లహోమా సెనేటర్ డేవిడ్ బోరెన్ చొరవతో జాతీయ భద్రతా విద్యా చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఇచ్చేవే బోరెన్ స్కాలర్‌షిప్‌లు. అమెరికా భద్రతకు అవసరమై, చదివేవాళ్లు తక్కువగా ఉన్న భాషలను ఆయా దేశాలకు వెళ్లి నేర్చుకోవడానికి డిగ్రీ విద్యార్థికి 25,000 డాలర్ల దాకా ఇస్తారు. బదులుగా డిగ్రీ పూర్తయిన మూడేళ్లలోపు ఫెడరల్ ప్రభుత్వంలో చేరి కనీసం ఏడాది పనిచేయాలి. రక్షణ, విదేశాంగ, హోంల్యాండ్ సెక్యూరిటీ, నిఘా విభాగాలకు ప్రాధాన్యం. ఆ ఉద్యోగాన్ని విద్యార్థే వెతుక్కోవాలి. సేవ చేయకపోతే తీసుకున్న డబ్బు వడ్డీతో సహా తిరిగి కట్టాలి.

ఆ పథకం ప్రాధాన్యమిచ్చే భాషల జాబితాలో స్వాహిలి, పష్తో, ఉజ్బెక్ వంటి వాటితో పాటు తెలుగు కూడా ఉంది. ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. స్కాలర్‌షిప్ అమెరికా పౌరులకే కాబట్టి మీకు వర్తించదు. కానీ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన మీ మేనకోడలికి వర్తించవచ్చు. తెలుగు వింటే అర్థమై, మాట్లాడబోతే తడబడే పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాడిసన్‌లో తెలుగు పాఠాలు ఉన్నాయి. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్లు హైదరాబాద్‌లోనే తెలుగు నేర్పుతారు. అక్కడి మీ బంధువులకు ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పండి. ఏ ఏడాదికి ఆ ఏడాది నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు తాజా ప్రకటన చూసుకోమనండి.

బోరెన్ దరఖాస్తు నుంచి మనం తీసుకోదగినది ఒకటుంది. ఈ భాష, ఈ దేశం మా దేశ భద్రతకు ఎందుకు ముఖ్యమో విద్యార్థి వ్యాసం రాసి ఒప్పించాలి. తనకు ఇష్టమని చెబితే సరిపోదు. భాష మీద మనసు పడ్డ ప్రతివాళ్లూ ఆ వ్యాసం తమకోసమైనా ఒకసారి రాసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. భారతదేశానికి పర్షియన్ వచ్చినవాళ్లతో ఏం పని? కొరియన్ వచ్చినవాళ్లతో ఏం పని? చమురు, ఓడరేవులు, గల్ఫ్‌లో మన కార్మికులు, చిప్‌ల తయారీ, సరిహద్దులు అంటూ రెండు పేజీలు రాయగలిగితే మీ కోరికకు కాళ్లు ఉన్నట్టే. రాయలేకపోతే అదీ మంచిదే. మీకు కావలసింది భాషతో వచ్చే ఆనందం అని తేలుతుంది, దానికి ప్రభుత్వ కొలువు అక్కర్లేదు.

మన దేశం చేసే ఏర్పాటు

యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్షలో ర్యాంకు సాధించి విదేశాంగ సేవలో చేరినవాళ్లకు ముందు ఫౌండేషన్ కోర్సు ఉంటుంది. ఈ కోర్సు అనగానే అందరికీ ముస్సోరీ గుర్తొస్తుంది. కొన్ని బ్యాచ్‌ల సివిల్ సర్వీసుల అధికారులు దీన్ని మన జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో కూడా చేశారు. ఆ తర్వాత ఢిల్లీలోని సుష్మా స్వరాజ్ విదేశాంగ సేవా సంస్థలో శిక్షణ. అక్కడే ప్రతి ఒక్కరికీ తప్పనిసరి విదేశీ భాష ఒకటి కేటాయిస్తారు. ర్యాంకు, అభ్యర్థి కోరిక, మంత్రిత్వ శాఖ అవసరం, మూడూ చూస్తారు. అరబిక్, చైనీస్, జపనీస్, రష్యన్, పర్షియన్, కొరియన్, హీబ్రూ, పోర్చుగీస్, స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ లాంటివి ఉంటాయి. అధికారిని ఆ భాష మాట్లాడే దేశంలోని మన రాయబార కార్యాలయానికి థర్డ్ సెక్రటరీగా పంపుతారు. అక్కడ ప్రధానమైన పని భాష నేర్చుకోవడమే, జీతం మాత్రం పూర్తిగా వస్తుంది. పరీక్షలో నెగ్గితేనే ఉద్యోగం ఖాయమవుతుంది.

ఇంత ఉదారంగా భాష నేర్పించే పథకం మన దేశంలో మరొకటి నాకు కనిపించలేదు. ద్వారం మాత్రం చాలా ఇరుకు. దాదాపు పది లక్షల దరఖాస్తులు వచ్చే పరీక్షలో విదేశాంగ సేవకు కేటాయించిన పోస్టులు 2022లో 38, 2024లో 55. జనరల్ అభ్యర్థులకు వయసు 21 నుంచి 32, అటెంప్టులు ఆరు. ఓబీసీలకు 35 ఏళ్లు, తొమ్మిది అటెంప్టులు. ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్లు, ఆ వయసులోపు ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఇరవై రెండేళ్లకు బీటెక్ ముగించి ఐదేళ్లు ఉద్యోగం చేసిన జనరల్ అభ్యర్థికి లెక్కప్రకారం ఐదేళ్లే మిగిలాయి. అందులో అశోక్‌నగర్ కోచింగ్‌కు ఒకటి, తొలి పొరపాట్లకు ఒకటి పోతే మిగిలేవి ఎన్నో మీరే చూసుకోండి. కాబట్టి విదేశాంగ సేవ మీద నిజంగా మనసుంటే ఆ ఐదేళ్లూ పరీక్షకే ఇవ్వండి. భాష సర్టిఫికెట్ మీద ఖర్చుపెట్టే సాయంత్రాలు ఈ పరీక్షలో ఒక్క మార్కు కూడా తెచ్చిపెట్టవు. ఐచ్ఛిక విషయాల్లో ఇప్పుడు ఇంగ్లిష్ తప్ప విదేశీ సాహిత్యాలు లేవు. తెలుగు సాహిత్యం ఉంది.

భాష కేటాయించాక జీవితం ఎటు పోతుందో కూడా చూడాలి. మన విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ 1977 బ్యాచ్ అధికారి. ఆయనకు వచ్చిన భాష రష్యన్, మొదటి పోస్టింగ్ మాస్కో. తర్వాత టోక్యో, ప్రాగ్, సింగపూర్, బీజింగ్, వాషింగ్టన్‌లలో పనిచేశారు. అంటే నేర్చుకున్న భాష మొదటి తలుపు తెరుస్తుంది, జీవితాంతం అదే గదిలో ఉంచదు. మన హైదరాబాదీ సయ్యద్ అక్బరుద్దీన్ 1985 బ్యాచ్. తండ్రి ప్రొఫెసర్ బషీరుద్దీన్ ఉస్మానియాలో జర్నలిజం బోధించి, ఖతర్‌లో భారత రాయబారిగా పనిచేశారు. అక్బరుద్దీన్ జెడ్డాలో కాన్సుల్ జనరల్‌గా పనిచేశారు, వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో ఉన్నారు, 2016 నుంచి 2020 దాకా ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా నిలిచారు. పదవీ విరమణ తర్వాత హైదరాబాద్‌లోని గీతం విశ్వవిద్యాలయపు కౌటిల్య పబ్లిక్ పాలసీ స్కూలుకు డీన్ అయ్యారు. జెడ్డా కాన్సులేట్ అంటే హజ్ యాత్రికులు, జీతం అందని కార్మికులు, పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్లు. నిజామాబాద్, జగిత్యాల, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు అక్కడి పోలీస్ స్టేషన్‌లో తమ తరఫున అరబిక్‌లో మాట్లాడే మనిషి దొరకడం ఎంత పెద్ద విషయమో వాళ్ల ఇంటివాళ్లను అడిగితే తెలుస్తుంది. ఈ కొలువంటే విందులూ జెండాలే అనుకునేవాళ్లు ఈ పనిని కూడా కళ్లముందు పెట్టుకోవాలి. నాకైతే ఆ ఉద్యోగంలో అన్నిటికంటే గౌరవమైన భాగం అదే.

సివిల్స్ కాకుండా మరో రెండు మూడు చిన్న దారులున్నాయి. విదేశాంగ శాఖలో ఇంటర్‌ప్రెటర్ల కేడర్ ఉంది. రక్షణ శాఖ 1948లో ఢిల్లీలో స్థాపించిన స్కూల్ ఆఫ్ ఫారిన్ లాంగ్వేజెస్ ఉంది. ఆకాశవాణి విదేశీ ప్రసారాలకూ భాష వచ్చినవాళ్లు కావాలి. వీటిలో పోస్టులు తక్కువ, ప్రకటనలు అరుదు. భాషలో డిగ్రీ ముందే ఉన్నవాళ్లు వీటి మీద కన్నేసి ఉంచాలి. ఇవే వస్తాయని నమ్మి ఉద్యోగం మానేయడం మాత్రం వద్దు.

సేవ అడగని స్కాలర్‌షిప్‌లు

మీకు కావలసింది కొలువు కాదు, భాషే అని తేలితే విదేశీ ప్రభుత్వాలు ఇచ్చేవి చూడండి. జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో జపనీస్ డిగ్రీ చదువుతున్న విద్యార్థులను ఏడాది పాటు అక్కడి విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లే విభాగం ఉంది, నెలకు 1,17,000 యెన్‌లు ఇస్తారు. అది సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి పనికిరాదు, మీ తమ్ముడో చెల్లెలో జపనీస్ బీఏ చదువుతుంటే పనికొస్తుంది. మీకు పనికొచ్చేది పరిశోధన విభాగం. తెలుగు రాష్ట్రాల వాళ్లకు జపాన్ కాన్సులేట్ చెన్నైలో ఉంది. కొరియా ప్రభుత్వ గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్‌లో మొదటి ఏడాది అంతా కొరియన్ నేర్పిస్తారు, టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో మూడో స్థాయి వస్తేనే డిగ్రీలోకి పంపుతారు. తైవాన్ వాళ్ల హువాయూ స్కాలర్‌షిప్ కేవలం చైనీస్ నేర్చుకోవడానికే, రెండు నెలల నుంచి ఏడాది దాకా. టర్కీ, రష్యా ప్రభుత్వాలు కూడా డిగ్రీకి ముందు భాషా సంవత్సరం కలిపి ఇస్తాయి.

ఇవేవీ మిమ్మల్ని తిరిగొచ్చి కొలువు చేయమనవు. ఆ ప్రభుత్వాలకు ఇందులో మేలు లేకపోలేదు. తమ భాష తెలిసిన స్నేహితులు ప్రపంచమంతా ఉండాలని వాళ్ల కోరిక. అది న్యాయమైన కోరికే, మనం మొహమాటపడనక్కర్లేదు. దరఖాస్తు మీరే నేరుగా పెట్టుకోవచ్చు కాబట్టి, సీటు ఇప్పిస్తానంటూ అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో ఎవరైనా డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఎక్కడ మొదలుపెట్టాలి

మెట్రో నీలి లైను రాయదుర్గంలో మొదలై నాగోల్ దాకా పోతుంది. మధ్యలో తార్నాక. మారకుండా ఒకే రైలులో హైటెక్ సిటీ ఉద్యోగి ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ దగ్గర దిగవచ్చు. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టి, 1972లో విదేశీ భాషలను కలుపుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన చోటు అది. అరబిక్, పర్షియన్, రష్యన్, జపనీస్, చైనీస్, కొరియన్, స్పానిష్, ఇటాలియన్ అన్నీ ఒకే ఆవరణలో దొరికే చోట్లు దేశంలో చాలా తక్కువ. డిగ్రీలతో పాటు పార్ట్‌టైం కోర్సులు కూడా ఉన్నాయి. వేరే దేశాల దౌత్యాధికారులు, ఉద్యోగులు మన ప్రభుత్వ ఖర్చుతో ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చేది కూడా ఈ ఆవరణకే. క్యాంటీన్‌లో మధ్య ఆసియా నుంచో ఆఫ్రికా నుంచో వచ్చిన అధికారి పక్కన కూర్చుని నాలుగు మాటలు కలపగలిగే అవకాశం ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వదు.

గచ్చిబౌలి దాటి పోనక్కర్లేని దారీ ఉంది. 1998లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఐటీ కారిడార్ మధ్యలోనే ఉంది, అక్కడ అరబిక్, పర్షియన్ శాఖలున్నాయి. దాని గేటు ముందు నుంచి రోజూ క్యాబ్‌లో వెళ్లేవాళ్లలో ఎంతమంది లోపల అడుగుపెట్టారో అని నాకు అనిపిస్తుంటుంది. పర్షియన్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు హైదరాబాద్ కంటే మంచి ఊరు దక్షిణాదిలో లేదు. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఇక్కడ ఆ భాష రాజభాషగా నడిచింది, రాతప్రతులు ఉన్నాయి, ఇరాన్ కాన్సులేట్ కూడా ఉంది.

భాషను ఎంచుకునేటప్పుడు మార్కెట్ ఎలా ఉందని అడిగే ముందు, ఆ దేశంలో రెండేళ్లు ఉండగలరా అని అడగండి. మైనస్ ఇరవై డిగ్రీల చలి, శాకాహారం దొరకని ఊరు, ఆడపిల్ల ఒంటరిగా తిరగడానికి ఉన్న వీలు, ఇవన్నీ వ్యాకరణం కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు. లిపి కూడా చూడండి. రష్యన్ అక్షరాలు వారంలో పట్టుబడతాయి, చైనీస్ అక్షరాలు ఏళ్లు అడుగుతాయి.

సంతకం పెట్టే ముందు

సేవ షరతు ఉన్న పథకాల్లో సాధారణంగా బాండ్ ఉంటుంది. ఐటీ కంపెనీల ట్రైనింగ్ బాండ్లు చూసినవాళ్లే కాబట్టి మీకు ఇది కొత్త కాదు. చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత పెద్ద మొత్తం రాసినా, కోర్టు దానికి మించకుండా న్యాయమైన పరిహారమే ఇప్పిస్తుంది. వ్యక్తిగత సేవ చేయమని కోర్టు బలవంతపెట్టదు. అలాగని బాండ్ ఉత్త కాగితం అనుకోకండి. మూడేళ్లు నిండకుండా వెళ్లిపోయే అధికారి 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ రంగ సంస్థకు మళ్లీ నియామకం జరపడం ఖర్చుతో, సమయంతో కూడిన పని అన్న సంగతిని కోర్టు లెక్కలోకి తీసుకుంది.

కాబట్టి బాండ్ చదివేటప్పుడు కొన్ని చోట్ల ఆగండి. సేవాకాలం ఏ రోజు నుంచి లెక్కలోకి వస్తుంది, చదువు ముగిసిన రోజా, ఉద్యోగంలో చేరిన రోజా? మీరు సిద్ధంగా ఉన్నా వాళ్లు పోస్టు చూపకపోతే ఏమవుతుంది? సగం కాలం పనిచేశాక మానేస్తే సగమే కట్టాలా, మొత్తమా? అనారోగ్యం వస్తే? అన్నిటికంటే ముఖ్యంగా, జామీను ఎవరు? ఇంటి పత్రాలు పెట్టి మీ నాన్నగారు సంతకం చేయాల్సి వస్తే, ఆయనకు ప్రతి పంక్తీ తెలుగులో చదివి వినిపించి, అర్థమైందని ఆయన నోటితో అన్నాకే చేయించండి. మీ కలకు ఆయన ఇల్లు పూచీ కాబట్టి ఆ మర్యాద ఆయనకు దక్కాలి.

డబ్బు సంగతి కూడా తేల్చుకోవాలి. తెల్లాపూర్ ఫ్లాట్ ఈఎంఐ నెలనెలా పోతుంటే స్కాలర్‌షిప్ భత్యం అక్కడి తిండికీ అద్దెకూ సరిపోతుందే తప్ప ఇక్కడి అప్పుకు కాదు. వెళ్లే కాలమంతటి ఈఎంఐలు, అమ్మానాన్నల ఆరోగ్య బీమా ముందే పక్కన పెట్టగలిగితేనే కదలండి. కంపెనీలో సబాటికల్ విధానం ఉందేమో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. మూడు నెలల నోటీస్ పీరియడ్ ఉన్నవాళ్లు ఫలితం వచ్చాక రాజీనామా ఇస్తే కోర్సు మొదలయ్యే తేదీ దాటిపోవచ్చు, ఆ లెక్క ముందే వేసుకోండి.

పెళ్లి మాట కూడా ఇంట్లో ఈ సమయంలోనే వస్తుంది. దాచకుండా మాట్లాడండి. మూడేళ్లకోసారి దేశం మారే ఉద్యోగం చేసేవాళ్లతో జీవితం పంచుకునే మనిషికి ఆ సంగతి పెళ్లిచూపుల రోజే తెలియాలి.

విదేశాంగ సేవ దారి ఎంచుకున్నవాళ్లు తరచూ ఏమరుపాటుగా ఉండే చోటు ఒకటుంది. సివిల్స్ మెయిన్స్‌లో భారతీయ భాషా పేపర్ ఉంటుంది. 300 మార్కులు, అర్హతకు 25 శాతం, అంటే 75 చాలు. ఆ మార్కులు ర్యాంకులో కలవవు. కానీ అందులో తప్పితే మిగతా పేపర్లు దిద్దనే దిద్దరు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, పదేళ్లుగా కీబోర్డు మీదే బతికిన మన ఇంజినీర్లకు తెలుగులో చేత్తో వ్యాసం రాయడం, పేరాను కుదించడం, ఇంగ్లిష్ నుంచి తెలుగులోకీ తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకీ అనువదించడం ఊహించినంత తేలిక కాదు. ఒత్తులు, గుణింతాలు తడబడతాయి, వేగం రాదు. ప్రిలిమ్స్ ఫలితం కోసం ఆగకుండా ఈ వారమే మొదలుపెట్టండి. ఆదివారం పొద్దున దినపత్రిక సంపాదకీయం ఒకటి తీసుకుని మూడోవంతుకు కుదించి రాయండి. రాసింది ఇంట్లో అమ్మకో, తెలుగు మాస్టారికో చూపించి ఎర్ర సిరాతో దిద్దించుకోండి.